మంచి పుట్టగొడుగే, కానీ ఏ నేలలో మొలిచింది?

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)

వార్డుల్లో మీవాళ్ళను వదిలి, భోజనం వేళ అయినా ఇక్కడికి వచ్చి కూర్చున్నందుకు సంతోషం. మీ పేషెంటుకు ఇంజక్షన్ టైము అయితే మధ్యలో లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

ఈ రోజు పుట్టగొడుగుల గురించి మాట్లాడుకుందాం. వానలు మొదలయ్యాయి. ఆరుద్ర కార్తెలో నాలుగు ఉరుములు ఉరిమాయంటే మన ఊళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని చేలగట్ల వెంట, పాముపుట్టల చుట్టూ వెతుకుతారు. పుట్టకొక్కుల ఇగురు రుచి తెలిసినవాళ్ళకు దాని గొప్ప నేను వేరే చెప్పనక్కర్లేదు. మాంసం కొనలేని ఇంట్లో అది పండగ కూర. అందులో మాంసకృత్తులున్నాయి, బి విటమిన్లున్నాయి, కొవ్వు చాలా తక్కువ. కాబట్టి నేను పుట్టగొడుగులు తినవద్దని చెప్పడానికి రాలేదని ముందే మనవి చేస్తున్నాను.

పుట్టగొడుగులతో జాగ్రత్త అనగానే మీకు గుర్తొచ్చేది విషపు పుట్టగొడుగులు. వాటి గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. పుట్టగొడుగులు తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఒక్క నిమిషం కూడా ఇంటిదగ్గర ఆలస్యం చేయకండి. తిన్న ఆరు గంటలు దాటాక మొదలయ్యే వాంతులు మరీ ప్రమాదం, ఎందుకంటే కాలేయాన్ని పాడుచేసే రకాల లక్షణం అది. మధ్యలో ఒక రోజు తగ్గినట్టు కనిపించినా నమ్మవద్దు. మిగిలిన కూర గానీ, పచ్చి పుట్టగొడుగు గానీ ఉంటే కవరులో వేసి వెంట తీసుకురండి.

అది అందరికీ కొంత తెలిసిన సంగతే. నేను చెప్పదలచుకున్నది మంచి పుట్టగొడుగుల గురించి. మీ అమ్మమ్మ కాలం నుంచి తింటున్నవి, ఎవరికీ ఏమీ కానివి. అలాంటి మంచి రకం కూడా చెడ్డ నేలలో మొలిస్తే ఆ నేలలోని సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాలను లోపలికి పీల్చుకుని దాచుకుంటుంది. వీటినే భారలోహాలు అంటారు. చూడటానికి తేడా ఉండదు, వాసనలో తేడా ఉండదు, రుచిలోనూ ఉండదు. తిన్నవాళ్ళకు ఆ రోజు కడుపునొప్పి కూడా రాదు. అందుకే ఎవరూ అనుమానించరు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మనం కోసుకునే గొడుగు నిజానికి ఒక కాయ లాంటిది. అసలు ప్రాణి నేల లోపల ఉంటుంది. తెల్లటి సన్నని దారాలుగా, బూజులాగా మట్టి అంతా అల్లుకుని ఉంటుంది. మొక్క వేరు వెళ్ళలేని సందుల్లోకి కూడా ఆ దారాలు వెళతాయి. వాటికి ఆకులు లేవు, ఎండలో ఆహారం వండుకోలేవు. కాబట్టి రసాలు వదిలి చుట్టూ ఉన్న ఆకులు, చెత్త, మట్టిని కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. ఆ పీల్చడంలో జింకు, రాగి లాంటి అవసరమైన లోహాలతో పాటు అక్కర్లేనివి కూడా వచ్చేస్తాయి. కాడ్మియం చూడటానికి జింకుకు తమ్ముడి లాంటిది, దాని దారిలోనే లోపలికి దూరుతుంది. పుట్టగొడుగు ఆ లోహాన్ని తనకు హాని చేయకుండా ఒక రకం మాంసకృత్తులతో కట్టేసి పక్కన పెడుతుంది. దానికి ఏ ఇబ్బందీ లేదు, నవనవలాడుతూ పైకి వస్తుంది. ఇబ్బంది తిన్నవాళ్ళకు.

అడవిలో, బీడులో ఆ దారాలు ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఏళ్ళ తరబడి పోగుచేసినది నాలుగు రోజుల్లో పైకొచ్చే గొడుగులోకి చేరుతుంది. షెడ్డులో పెంచే పుట్టగొడుగులకు అంత సమయం ఉండదు, కొన్ని వారాల్లో పంట అయిపోతుంది. పెంచినవాటిలో లోహాలు తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఇది కొత్తగా పుట్టిన భయమేమీ కాదు. యూరప్‌లో చెక్ దేశం అని ఉంది. అక్కడివాళ్ళకు అడవిలో పుట్టగొడుగులు ఏరడం అంటే మనకు సంక్రాంతికి పిండివంటలు చేసుకున్నంత సరదా. ఆ దేశంలో ప్షీబ్రామ్ అనే ఊళ్ళో వందల ఏళ్ళుగా వెండి, సీసం గనులు ఉండేవి, సీసం కరిగించే కార్ఖానా కూడా ఉంది. పావెల్ కలాచ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు సీసం కార్ఖానా చుట్టుపక్కల మొలిచిన పుట్టగొడుగులను పరీక్షించి 1991లో ఫలితాలు ప్రచురించారు. తూర్పు స్లొవాకియాలో పాదరసం, రాగి కార్ఖానాల దగ్గర మొలిచినవాటిని కూడా చూసి 1996లో ఫలితాలు ప్రచురించారు. జనం రోజూ తినే మంచి రకాలే. దూరపు అడవిలో మొలిస్తే తినదగినవి, కార్ఖానా పక్కన మొలిస్తే తినకూడనివి. నేల ఒక్కటే తేడా.

నేల ఒక్కటే అన్నాను గానీ, రకాన్ని బట్టి కూడా కొంత తేడా ఉంటుంది. గడ్డి నేలల్లో తెల్లగా మొలిచి, నలిపితే పసుపు రంగుకు తిరిగే కొన్ని రకాలు యూరప్‌లో కాడ్మియం పోగుచేయడంలో పేరుమోసినవి. మనం మార్కెట్‌లో కొనే బటన్ పుట్టగొడుగుకు అవి దగ్గర చుట్టాలే. పాదరసాన్ని ఇంకొన్ని రకాలు ఎక్కువ పట్టుకుంటాయి. సీసాన్ని పుట్టగొడుగులు అంతగా పీల్చవు, కానీ రోడ్ల పక్కన, బట్టీల పక్కన దుమ్ముగా వచ్చి గొడుగు మీద, కింది రేకుల మధ్య చేరుతుంది.

ఇప్పుడు ఒంట్లో ఏమవుతుందో చూద్దాం. ఏలూరులో 2020 డిసెంబరులో వందలాది మంది ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి పడిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత నిపుణులు పురుగుమందుల వైపు కూడా వేలు చూపించారు. ఆ రోజుల నుంచి సీసం అంటే దబ్బున పడిపోవడం అని చాలామందికి మనసులో ఉండిపోయింది. కూరలో వచ్చే లోహం అలా కాదు. అది నెమ్మదిగా చేరుతుంది.

ముఖ్యంగా కాడ్మియం. అది మూత్రపిండాల్లో, అంటే కిడ్నీల్లో చేరి కూర్చుంటుంది. చేరినదాంట్లో సగం బయటికి పోవడానికి 10 నుంచి 30 సంవత్సరాలు పడుతుంది. ఈ సంవత్సరం తిన్నది పోకముందే వచ్చే సంవత్సరం తిన్నది దాని మీద చేరుతుంది. కొంతకాలానికి కిడ్నీలోని సన్నని గొట్టాలు దెబ్బతిని, ఒంటికి కావలసిన మాంసకృత్తులు, సున్నం మూత్రంలో పోవడం మొదలవుతుంది. తర్వాత ఎముకలు బలహీనమవుతాయి. జపాన్‌లో టొయామా ప్రాంతంలో జింజు నది ఒడ్డున గని నీళ్ళు వరి పొలాల్లోకి చేరి, ఆ బియ్యం తిన్న పల్లెవాళ్ళకు ఇదే జరిగింది. ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్ళు, నాలుగైదు కాన్పులైన తల్లులు. దగ్గితే కూడా ఎముక విరిగేది. వాళ్ళ మూలుగే ఆ జబ్బుకు పేరయింది, ఇటాయి ఇటాయి అని. అబ్బా నొప్పి, అబ్బా నొప్పి అని అర్థం. దానికి కాడ్మియమే కారణమని 1968లో జపాన్ ప్రభుత్వం ఒప్పుకుంది. అది పుట్టగొడుగుల వల్ల వచ్చినది కాదు, అన్నం వల్ల వచ్చింది. కాడ్మియం ఏం చేస్తుందో తెలియడానికి చెప్పాను.

సీసం పిల్లల మెదడు మీద పనిచేస్తుంది. చదువులో వెనకబడటం, రక్తం తగ్గడం, కడుపునొప్పి. పెద్దవాళ్ళు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంట్లోకి వెళితే, చిన్నపిల్లల్లో సగం దాకా వెళ్ళగలదు. పుట్టగొడుగుల్లోని పాదరసం కూడా ముఖ్యంగా కిడ్నీలకే బరువు.

ఇక్కడ అమ్మలు, అక్కలు జాగ్రత్తగా వినాలి. ఒంట్లో ఇనుము తక్కువగా ఉంటే పేగులు ఏ లోహం దొరికినా లాక్కుంటాయి. మామూలుగా తిన్న కాడ్మియంలో 100కి 3 నుంచి 5 వంతులే ఒంట్లోకి వెళుతుంది. ఇనుము తక్కువున్న ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఒకే గిన్నెలో కూర తిన్నా భర్త కంటే భార్యకు ఎక్కువ చేరవచ్చు. మేము ఇచ్చే ఐరన్ మాత్రలను దిండు కింద దాచేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసమే చెబుతున్నాను.

ఎంత తింటే ఎక్కువ? ఒక లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నియమించిన నిపుణుల కమిటీ 2010లో కాడ్మియానికి ఒక హద్దు చెప్పింది. శరీర బరువులో కిలోకు, నెలకు 25 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. 60 కిలోల మనిషికి నెలకు 1500 మైక్రోగ్రాములు అవుతుంది. యూరప్‌లో అడవి పుట్టగొడుగులకు 2008లో పెట్టిన హద్దు పచ్చివి కిలోకు 1 మిల్లీగ్రాము, అంటే 1000 మైక్రోగ్రాములు. 2021లో దాన్ని సగానికి తగ్గించారు. పాత హద్దు దగ్గర ఉన్న పుట్టగొడుగులు పావు కిలో తిన్నామనుకోండి, 250 మైక్రోగ్రాములు. నెలలో ఆరుసార్లు తింటే ఆ మనిషి కోటా మొత్తం అయిపోయింది. అన్నంలో, ఆకుకూరల్లో కొద్దికొద్దిగా వచ్చేది దీని పైన. పొగతాగేవాళ్ళకు బీడీ, సిగరెట్ నుంచి వచ్చేది ఇంకా పైన. 15 కిలోల పిల్లవాడి కోటా 375 మైక్రోగ్రాములే, వాడు 100 గ్రాముల చొప్పున నాలుగుసార్లు తింటే దాటిపోతుంది. అదే పెంపకం బటన్ పుట్టగొడుగులకు యూరప్‌లో 2021లో పెట్టిన హద్దు కిలోకు 50 మైక్రోగ్రాములు. ఆ లెక్కన అదే 60 కిలోల మనిషి పావు కిలో చొప్పున నెలకు 120 సార్లు తినాలి. ఎవరూ తినలేరు.

జర్మనీలో పెద్దవాళ్ళు అడవి పుట్టగొడుగులు వారానికి 250 గ్రాములకు మించి తినవద్దని సలహా ఇస్తారు. మన దగ్గర వానకాలంలో నాలుగైదు సార్లు, శుభ్రమైన చోట ఏరుకుని తినేవాళ్ళు దిగులు పడనక్కర్లేదు. నేను భయపడేది ఒకే చెడ్డ చోటికి ప్రతి ఏడూ వెళ్ళి, దొరికినదంతా ఏరి, కూర వండి, మిగిలినది ఎండబెట్టి దాచుకునేవాళ్ళ గురించి.

చెడ్డ చోటు అంటే ఏది? పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన స్థలం మొదటిది. ఆ పని ఆగిపోయి పదేళ్ళయినా, పైన పచ్చగడ్డి మొలిచినా, మట్టిలో సీసం అక్కడే ఉంటుంది. లోహానికి చావు లేదు, కుళ్ళి పోదు. వైర్లు, పాత టీవీలు, కంప్యూటర్లు తగలబెట్టే చోట్లు, మున్సిపాలిటీ చెత్త కుప్పలు, ఫ్యాక్టరీ మురికి కాలువ గట్లు, గనుల మట్టి పోసిన దిబ్బలు, థర్మల్ బూడిద చెరువుల పక్క. హైవే పక్క కూడా అంతే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలును 2000లో మానేశారు గానీ, అంతకుముందు రాలిన దుమ్ము పాత రోడ్ల అంచున మట్టిలో ఉంది. హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతం మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. అలాంటి చోట ఖాళీ ప్లాటులో మల్లెపూల్లా మొలిచినా సరే, కోయకండి. పిల్లలు కోసుకొస్తే పారేయండి, తిట్టకండి, పాపం వాళ్ళకేం తెలుసు.

పశువులు మేసే బీడు, ఊరికి, రోడ్డుకు, ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న అడవి, సొంత పొలం గట్టు అయితే చాలావరకు నయం.

క్రితంసారి మీలాగే కూర్చున్నవాళ్ళు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, అవి కూడా చెబుతాను.

ఒక పెద్దమ్మ అడిగింది, వెండి గరిటె పెట్టి ఉడికిస్తే నల్లబడితే చెడ్డది, లేకపోతే మంచిది కదా సిస్టరూ అని. కాదమ్మా. వెండి గరిటె, వెల్లుల్లిపాయ, పసుపు, బియ్యం, ఇవేవీ విషపు పుట్టగొడుగును కనిపెట్టలేవు, లోహాన్ని అసలే కనిపెట్టలేవు. ప్రయోగశాలలో యంత్రం ఒక్కటే చెప్పగలదు. మన దగ్గర ఉన్న పరీక్ష ఒక్కటే, ఎక్కడ కోశావు అని అడగడం.

బాగా ఉడికిస్తే పోతుందా అని ఇంకొకరు. సూక్ష్మక్రిములు చస్తాయి, లోహం చావదు. కుక్కర్‌లో పది విజిల్స్ వేయించినా అంతే ఉంటుంది. మట్టి అంటిన కాడ చివర కోసేసి, రెండు మూడు నీళ్ళలో బాగా కడిగితే పైన అంటిన దుమ్ములోని సీసం పోతుంది. ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోస్తే లోపలిది కూడా కొంత తగ్గుతుంది. కొంత మాత్రమే. గొడుగు కింద రేకుల్లో కాడ కంటే ఎక్కువ లోహం ఉంటుంది కాబట్టి బాగా విచ్చుకున్న ముదురువాటిలో రేకులు గీకి తీసేయడం మంచిది. కానీ చెడ్డ చోట కోసినదాన్ని ఇలా మంచిది చేయవచ్చని దయచేసి అనుకోకండి.

ఎండబెట్టినవాటి సంగతి. పచ్చి పుట్టగొడుగులో 100కి 90 వంతులు నీళ్ళే. పది కిలోలు ఎండబెడితే ఒక కిలో అవుతుంది. నీళ్ళు పోతాయి, లోహం పోదు. కాబట్టి గుప్పెడు ఎండువి అంటే దోసెడు కాదు, గిన్నెడు పచ్చివి తిన్నట్టు.

మార్కెట్‌లో కొన్నవి తినవచ్చా? తినవచ్చు. బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులు వరిగడ్డి మీద గానీ, తయారుచేసిన ఎరువు మీద గానీ పెంచుతారు. గడ్డి ఎలాంటిదో పంట అలాంటిది. ఇంట్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్న మహిళా సంఘాల అక్కలకు ఒక మాట. ఫ్యాక్టరీ నీళ్ళు పారిన పొలం గడ్డి కొనకండి, గడ్డి నానబెట్టడానికి మురుగునీళ్ళు, రంగులు కెమికల్స్ తెచ్చిన డ్రమ్ములు వాడకండి. అది చాలు.

ఒక తమ్ముడు అడిగాడు, తిన్నవాళ్ళు ఏం చేయాలి, ఒంట్లో విషం కడిగేసే మందు ఉందట కదా అని. డిటాక్స్ అని పేరు పెట్టి అమ్మేవాటికి డబ్బు పోయకండి. సీసం ఎక్కువైతే దాన్ని బయటికి లాగే మందులున్నాయి, కానీ అవి రక్తపరీక్ష చూసి డాక్టరుగారు ఆసుపత్రిలో పర్యవేక్షణతో ఇచ్చేవి. కిడ్నీలో చేరిన కాడ్మియాన్ని తీసే నమ్మకమైన మందు లేదు, కొత్తగా చేరకుండా ఆపడమే వైద్యం. అనుమానం ఉన్నవాళ్ళు ఎక్కడ ఏరేవాళ్ళు, ఎన్నేళ్ళుగా తింటున్నారు అన్నది డాక్టరుగారికి చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచి రాకపోతే మాకు తట్టదు. మామూలు క్రియాటినిన్ పరీక్ష ఆలస్యంగా గానీ పెరగదు కాబట్టి మూత్రంలో మాంసకృత్తుల పరీక్ష కూడా రాస్తారు.

చివరిగా డయాలసిస్ వార్డు నుంచి వచ్చినవాళ్ళకు. ఈ మధ్య మీలో కొందరు బలం కోసమని పుట్టగొడుగుల పొడి డబ్బాలు తెస్తున్నారు. కేన్సర్ పేషెంట్ల మంచాల దగ్గర కూడా చూస్తున్నాను. ఎవరో చుట్టాలు ప్రేమతో పంపిస్తారు, కాదనలేం. కానీ ఆ పొడి ఎండబెట్టిన పుట్టగొడుగే, ఏ నేలదో ఏ షెడ్డుదో డబ్బా మీద చాలాసార్లు ఉండదు. రోజూ రెండు చెంచాలు, నెలల తరబడి. దెబ్బతిన్న కిడ్నీకి అది వేరే బరువు. పైగా పుట్టగొడుగుల్లో పొటాషియం కూడా బాగానే ఉంటుంది, డయాలసిస్‌వాళ్ళకు అది పెరిగితే గుండె ఆగేదాకా రావచ్చు. శుభ్రమైన బటన్ పుట్టగొడుగు కూర అయినా ఎంత తినవచ్చో డైటీషియన్ మేడమ్‌ను అడిగి తినండి. పొడి డబ్బాలు ఇప్పటికే తెచ్చి అలమారలో పెట్టినవాళ్ళు సాయంత్రం రౌండ్స్‌కు ముందు నర్సుల గదికి తీసుకురండి, డాక్టరుగారికి చూపిద్దాం. ఎవరినీ ఏమీ అనం.